మెరుపుకి మళ్లిన ఎద్దులు

మా ఇంట్లో నన్ను కాలుగాలిన పిల్లి అంటారు. తలంబ్రాల వేళ కూడా ఒకచోట నిలబడి ఫోటో తీయలేను, మండపం చుట్టూ తిరుగుతూనే ఉంటాను. పురోహితులు విసుక్కుంటారు. పాలకొల్లులో నాదొక చిన్న స్టూడియో. ముహూర్తాలు అయిపోయాయంటే నా అరికాళ్లు దురద పెడతాయి. ఈ ఏడు ఆ దురద నన్ను నంద్యాల దాకా లాక్కెళ్లింది. రాత్రిపూట ఫ్లడ్‌లైట్ల కింద జరిగే బండలాగుడు పోటీలను ఫోటో తీయాలని నా పట్టుదల.

ఎరగనివాళ్ల కోసం చెబుతున్నాను. కాడికి కట్టిన ఎద్దుల జత పెద్ద రాతిదూలాన్ని ఈ గీత నుంచి ఆ గీతకు, మళ్లీ అటునుంచి ఇటు లాగుతుంది. ఇచ్చిన సమయంలో ఎక్కువ దూరం లాగిన జతది గెలుపు. గీత దాటగానే చకచకా మళ్లితే సమయం మిగులుతుంది, లేకపోతే అక్కడే కరిగిపోతుంది.

ఈ పోటీల రాత్రి ఫోటోలు చాలా చూశాను. అన్నీ ఒకే రకంగా చెడిపోయి ఉంటాయి. ఫ్లడ్‌లైటు నెత్తిమీద నుంచి పడి మూపురం తెల్లగా వెలుగుతుంది, ముఖం మసిగుడ్డలా ఉంటుంది. పోనీ కెమెరా నెత్తిన ఫ్లాష్ పెట్టి కొడదామంటే ఎద్దు కళ్లు దెయ్యం కళ్లలా మెరుస్తాయి, గాల్లో దుమ్మంతా తెల్ల చుక్కలై అడ్డం పడుతుంది. దీనికి మందు ఒకటే. ఫ్లాష్‌ని కెమెరా మీంచి దించి దూరంగా, పక్కగా ఒక స్టాండుకు బిగించాలి. బటన్ నా చేతిలో ఉంటుంది, మెరుపు అక్కడ మెరుస్తుంది. పక్కనుంచి పడిన వెలుగులోనే కండ, నరం, చెమట విడివిడిగా తెలుస్తాయి. పెళ్లికూతుళ్ల ముక్కుపుడకల మీద ఏళ్ల తరబడి చేసిన పనే ఇది. ఎద్దు మీద మాత్రం ఎందుకు పనికిరాదు?

నంద్యాల: అండీలు చెల్లని చోటు

పొద్దున్నే స్టేషన్ బయట ఉగ్గాని తిన్నాను. నానబెట్టిన బొరుగులకు తాలింపు పెట్టి, పైన పుట్నాలపొడి చల్లి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు పడేశారు. ముప్ఫై రూపాయలు. మా వైపు మరమరాలంటే సాయంత్రం పిల్లలకు పెట్టే కాలక్షేపం. వీళ్లు దాన్ని కడుపు నింపే ఫలహారం చేసేశారు. బజ్జీలో మిరపకాయ మాత్రం మా మిరపకాయకు పెదనాన్న. కళ్లు తుడుచుకుంటూ తింటుంటే పక్కన నిలబడ్డ పెద్దాయన అడిగాడు.

"యా ఊరమ్మా?"

"పాలకొల్లండీ."

"అందుకే ఏడుస్తాండావ్," అని తన ప్లేట్లో ఉల్లిపాయ ముక్క తీసి నా ప్లేట్లో వేశాడు. ముక్కూ మొహం తెలియనివాడి ప్లేట్లోంచి ఉల్లిపాయ తినడం నాకు అదే మొదలు. మా దగ్గర అయితే ముందు మూడుసార్లు బతిమాలి, ఆ తర్వాత పెడతారు.

స్టాండు గాలికి పడకుండా అడుగున ఇసుక సంచి కట్టాలి. సంచి తెచ్చాను, ఇసుక తేలేదు. కిరాణా కొట్లో అడిగాను, "ఏవండీ, ఇక్కడ ఇసుక ఎక్కడ దొరుకుతుందండీ?"

"ఒక్క మాటకు రెండు అండీలు ఎందుకమ్మా? ఇసక యాడ దొరకతాది బజార్లో? ఉప్పు తీసుకపో. బరువుకు బరువు, మిగిల్తే కూరలోకి."

అలా నా ఫ్లాష్ స్టాండు కింద రాళ్లుప్పు మూట చేరింది. భుజాన మోస్తుంటే చెమటకి అది కరిగి నా ప్యాంటంతా తెల్ల చారలు పడ్డాయి. ఆ యాత్ర పొడుగునా నన్ను చూసిన ఆవులన్నీ వెంటపడి నాకబోయాయంటే కారణం అదే.

ఊరి బయట, బరి పక్కన

ఊరి చివర మైదానంలో పోటీలు. పొద్దు వాలేసరికి ట్రాక్టర్లు, మినీ లారీలు, జనం. మైకులో ఒకాయన ఊపిరి తీసుకోకుండా ఎద్దుల వంశం, యజమాని వంశం కలిపి చెప్పేస్తున్నాడు. ఆడవాళ్లు దూరంగా ట్రాక్టర్ ట్రాలీల్లో కూర్చున్నారు. తాడు లోపల అంతా మగవాళ్లే. మెడలో రెండు కెమెరాలున్న నన్ను ఏ లెక్కలో వేయాలో తెలియక లోపలికి వదిలేశారు.

కమిటీ పెద్దాయనను అడిగాను, "ఆ గీత పక్కన నా లైటు పెట్టుకోవచ్చా అండీ?"

"ఇన్ని లైట్లుండాయి గదా. ఇంగొకటి పెట్టుకో."

ఆయన బల్బు అనుకున్నాడు. నేను విడమరచి చెప్పలేదు. గీతకు ఓరగా, తాడు అవతల, ఎద్దు కంటి ఎత్తున ఫ్లాష్ బిగించాను. మొదటి జతలు బాగా వచ్చాయి. మెరుపు పడినా ఆ ఎద్దులు లెక్కచేయలేదు, వాటి లోకం వాటిది. కెమెరా వెనక తెరలో చూసుకుంటే నా గుండె గంతులేసింది. మెడ కింద గంగడోలు మడతలు, ముక్కు చివర తెగిన నురగ, గిట్టల దగ్గర లేచిన మట్టిపెళ్లలు. ఇంకా కావాలి, ఇంకా దగ్గరగా కావాలి. ఆ రాత్రి నా వేలు నా మాట వినలేదు.

అప్పుడు సుబ్బన్న గారి జత అని మైకులో పిలిచారు. రెండూ పాలనురగలాంటి తెల్లటి ఎద్దులు. తోలే ఆయన ఇస్త్రీ చొక్కా టక్ చేసుకుని, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి ఉన్నాడు. జత ఉరికి వస్తోంది. గీత ఇంకా నాలుగు బారలుందనగా రెండు ముఖాలూ ఒకేసారి వెలుగుకు అందాయి. నొక్కాను.

ఎద్దులు మళ్లాయి.

గీత దాటలేదు. అక్కడికక్కడే, ఎవరో చెప్పినట్టు, రెండూ కలిసి చక్కగా వెనక్కి తిరిగాయి. రాతిదూలం అడ్డం పడింది. జనం హో అన్నారు. తోలే ఆయన మళ్లీ వాటిని గీత దాకా తెచ్చేసరికి బోలెడు సమయం పోయింది. ఏదో పొరపాటు అనుకున్నాను. రెండో చుట్టులో అదే చోట మళ్లీ నొక్కాను. మళ్లీ మళ్లాయి. ఈసారి తోలే ఆయన చెర్నాకోల నేలకేసి కొట్టి నా వైపు చూశాడు. నాకప్పుడు వెలిగింది. వేలు బటన్ మీంచి తీసేశాను.

ఆ జత అన్నింటికన్నా వెనకబడింది. తాడు దగ్గరికి ఒకావిడ ట్రాలీ దిగి వచ్చింది. యాభై ఏళ్లుంటాయి, నుదుటి మీద పెద్ద బొట్టు, కొంగు నడుముకు బిగించి ఉంది.

"ఆ మెరుపు కొట్టింది నువ్వేనా?"

"నేనేనండీ. తెలియక..."

"మా ఎద్దులకు తెల్సు. అది చాలదా?"

ఆవిడ ఓబులమ్మ. ఆ జతను దూడల నుంచి పెంచింది ఆవిడే. భర్త సుబ్బన్న పేరు మీద పోటీలకు వస్తారు. తోలే ఆయన దేవదానం, వాళ్ల ఊరి బడిలో పంతులు. ఆదివారం చర్చి, వారమంతా బడి, చీకటి పడ్డాక ఎద్దులు. పగలు తీరిక ఉండదు కాబట్టి సాధకమంతా రాత్రిపూటే. బయలుదేరిన గీత దగ్గర వాటికవే మళ్లుతాయి గానీ, చీకట్లో చేను చివర గీత కనపడదు. అందుకని ఓబులమ్మ అక్కడ బ్యాటరీ పట్టుకుని నిలబడుతుంది. జత దగ్గరికి రాగానే ఒక్కసారి వెలిగించి ఆర్పుతుంది. అప్పుడు మళ్లాలి. రెండేళ్లుగా అవి నేర్చుకున్న చదువు అది. టార్చిలైటుని అక్కడ బ్యాటరీ అంటారు. నా ఫ్లాష్ ఆ ఎద్దులకు ఓబులమ్మ బ్యాటరీ అయింది.

"పోతే పోయింది లెండి, ఇంకో పోటీ ఉంటుంది కదండీ," అని నోరు జారాను.

దేవదానం సారు నిదానంగా చెప్పాడు. "ఒకటే ఉందమ్మా. ఎల్లుండి ఆళ్లగడ్డలో. రెండేండ్లుగా ఈ జత యాడా బహుమతికి రాలేదు. ఈడ గానీ ఆడ గానీ మొదటి నాలుగు జతల్లో లేకుంటే సంతకు తోలేస్తానన్నాడు సుబ్బన్న. ఈయమ్మ నలుగురి ముందర సరే అనింది."

ఆ క్షణాన నాకు కెమెరా అమ్మేసి మా ఊరు పారిపోవాలనిపించింది. ఓబులమ్మ నా స్టాండునూ ఉప్పు మూటనూ ఎగాదిగా చూసింది.

"యాడ పండుకుంటావ్ ఈ రాత్రికి?"

"లాడ్జిలోనండీ."

"ఏం లాడ్జి? మా ఊరికి రా. నీ బ్యాటరీ కూడా తెచ్చుకో. ఎద్దులేం జేస్తాయో సూడాల."

సంజామల వైపు

సంజామల మండలంలో వాళ్ల ఊరు. శనగ కోసేసిన నల్లరేగడి నేల, నెర్రెలు విచ్చి కనుచూపు మేర చదునుగా ఉంది. కాలవలూ కొబ్బరిచెట్లూ లేకుండా ఇంత ఆకాశం నేనెప్పుడూ ఒక్కచోట చూడలేదు. కుదురు లేని మనిషికి మంచి చోటు, ఎటు నడిచినా అడ్డం లేదు. పొద్దున్నుంచీ చేల గట్ల మీద తిరుగుతూనే ఉన్నాను. ఓబులమ్మ ఒకసారి పిలిచి, "కాల్లో ముల్లిరిగిందా పాపా? ఒగచాట నిలబడవేంది?" అంది.

మధ్యాహ్నం జొన్నరొట్టె, చెనిక్కాయల ఊరుబిండి. వేరుశనగ పచ్చడిని అక్కడ అలా అంటారు. మా ఇళ్లలో అతిథి ముందు వరసగా గిన్నెలు పేర్చి, "కొంచెం వేసుకోండి, మా మాట కాదనకండి" అంటూ చుట్టూ తిరుగుతాం. ఓబులమ్మ "తిను" అంది. అంతే. రొట్టె అయిపోయేలోగా ఇంకోటి వచ్చి పడింది. చాలంటే వినలేదు, చేయి అడ్డం పెడితే చేతి మీదే వేసింది. వేడికి చేయి లాక్కుని నోట్లో పెట్టుకుంటే సుబ్బన్న మొదటిసారి నవ్వాడు.

ఆయన ఎక్కువ మాట్లాడడు. నా తప్పుకి కోప్పడతాడని ఎదురు చూశాను. కోప్పడలేదు, అది ఇంకా కష్టంగా ఉంది. "రెండెద్దులు ఇరవై బర్రెలంత తింటాయమ్మా," అన్నాడు. "ఇంట్లో మనుషుల కంటే ముందు వాటికే ఉలవలు ఉడకతాయి. సెప్తే నేను చెడ్డోన్ని." కాసేపటికి కొట్టంలోకి తొంగిచూస్తే, అదే మనిషి పంచె మొలలోంచి బెల్లం ముక్క తీసి ఎద్దు నోట్లో పెడుతున్నాడు. నన్ను చూసి చేతులు దులుపుకుని ఉత్తపుణ్యానికే పలుపుతాడు సరిచేశాడు.

చీకటి పడ్డాక చేనులో సాధకం. నేను గట్టు మీద కూర్చోవాలని ఆజ్ఞ. చీకట్లోంచి గిట్టల చప్పుడు, రాయి నేలను గీకే చప్పుడు వచ్చాయి. చివర ఓబులమ్మ బ్యాటరీ మెరిసింది, "తిరుగు నాయనా" అన్న పిలుపు వినిపించింది. ఎద్దులు నాట్యం చేసినట్టు మళ్లాయి. తర్వాత దేవదానం సారు, "ఈసారి బ్యాటరీ వద్దు, నువ్వు పక్కకు రా ఓబులక్కా" అన్నాడు. జత వచ్చింది, వచ్చింది, గీత దాటి, చేను దాటి, పక్క చేనులోకి పోయింది. సారు కేకలు వేస్తూ వెంట పరుగెత్తాడు. రొప్పుతూ తిరిగొచ్చి నుదురు కొట్టుకున్నాడు.

"పోటీల్లో గీత దాటి పోతాంటే పొగరనుకుంటిని. నాలుగు దెబ్బలు గూడా ఏసినా. అవి బ్యాటరీ కోసం ఎదురు సూస్తాండాయి ఓబులక్కా! ఇన్నేండ్లు పిల్లోల్లకు పాఠాలు చెప్పినోన్ని, నాకు ఇది తట్టలే."

ఆ తర్వాత నా వైపు తిరిగాడు. ఆ చూపు చూడగానే ఆయనకి ఏం తట్టిందో నాకూ తట్టింది. ఆళ్లగడ్డలో నా ఫ్లాష్‌ని సరిగ్గా గీత మీదకి జరిపితే చాలు. ఏ నియమమూ అడ్డు రాదు, ఫోటోలు తీసే మనిషిని ఎవరూ అడగరు. నా తప్పు నేనే దిద్దుకోవచ్చు. గంతేయబోయాను.

"వద్దు," అంది ఓబులమ్మ.

"ఎవురికి తెలుస్తాది?" అన్నాడు సారు.

"నాకు తెల్సు గదా. గెలిస్తే ఎద్దులు గెలవాల. బ్యాటరీ గెలిస్తే ఎట్ల?" తర్వాత నాతో, "నువ్వు అందరికీ కొట్టుకో పాపా. మావి వచ్చేటప్పుడు మాత్రం ఆర్పేయ్. మాటివ్వు."

ఇచ్చాను. ఇచ్చి రాత్రంతా మంచం మీద దొర్లాను. సంత రోజు ఆ కొట్టం ఎలా ఉంటుందో తలచుకోకుండా ఉండలేకపోయాను.

ఆళ్లగడ్డ దారిలో

ఎద్దులు మినీ లారీలో, నేను బస్సులో. ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన శిల్పుల కొట్లు. సగం చెక్కిన దేవుళ్లు, ఇంకా ముఖం రాని అమ్మవార్లు, వరసగా రాతి నందులు. ఖాళీగా ఉండలేక ఒక కొట్టు ముందు స్టాండు నిలబెట్టి, నంది మీద ఫ్లాష్ కొట్టి చూసుకోవడం మొదలుపెట్టాను. మెరుపు ఒకటి, రెండు, పది. ఉలి పక్కన పెట్టి శిల్పి లేచి వచ్చాడు.

"ఏందమ్మా, ఎన్నిసార్లు కొడతావ్? అది కండ్లార్పదు."

"కండ్లార్పకపోతే పర్లేదండీ, తిరగకపోతే చాలు," అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. చెప్పాల్సి వచ్చింది. కథంతా విని, బీడీ వెలిగించి, "బ్యాటరీ ఒగటే వెలిగిస్తాదా ఆయమ్మ? నోరిప్పదా?" అన్నాడు మాటవరసకి.

నోరు విప్పుతుంది. ప్రతిసారీ విప్పుతుంది. వెలుగు పడగానే "తిరుగు నాయనా" అంటుంది. రెండేళ్లుగా ఎద్దులు వెలుగునూ పిలుపునూ కలిపే వింటున్నాయి. మేం నలుగురం వెలుగునే చూస్తూ పిలుపును మరిచాం. పోటీల్లో ఆ పిలుపు లేదు, ఎందుకంటే ఆవిడ ట్రాలీలో కూర్చుంటుంది. స్టాండు మడవకుండానే భుజాన వేసుకుని బరి వైపు నడిచాను. ఉప్పు మూట ఆ కొట్లోనే మరిచిపోయాను.

ఆళ్లగడ్డ

మినీ లారీ పక్కన ఓబులమ్మ ఎద్దుల కొమ్ములకు నూనె రాస్తోంది.

"మీరు గీత దగ్గర నిలబడి పిలవాలి," అన్నాను, ఊపిరి అందక అండీ కూడా మరిచిపోయి.

"ఆడికి ఆడోల్లు పోరు."

"ప్రతి జతకూ సొంత మనుషులు గీత దగ్గర నిలబడి కేకలేస్తున్నారు కదా. అది తప్పు కాదుగా?"

"తప్పు గాదు."

"మరి? ఎవరైనా మిమ్మల్ని వద్దన్నారా?"

ఆవిడ కొమ్ము మీద చేయి ఆపి ఆలోచించింది. "వద్దని ఎవురూ అనలేదు. రమ్మని గూడా ఎవురూ అనలేదు."

"నేనంటున్నాను. రండి. ఉప్పు మూట పోయింది, నా స్టాండు పట్టుకునే మనిషి కావాలి."

దేవదానం సారు తల ఊపాడు. సుబ్బన్న తువాలు భుజం మార్చుకున్నాడు. ఓబులమ్మ కొంగు బిగించి నాతో తాడు దాటింది. జనంలో గుసగుస లేచింది. కమిటీ మనిషి ఒకాయన అడ్డం వచ్చాడు. "ఆయమ్మ ఎవురు?"

"నా అసిస్టెంటండీ," అన్నాను. ఓబులమ్మ నా స్టాండును చెర్నాకోల పట్టినట్టు పట్టుకుంది. ఆయన తప్పుకున్నాడు.

మిగతా జతలకు ఫ్లాష్ కొట్టాను. చీకటి, దుమ్ము, వెలుగు అన్నీ కుదిరాయి. నేను ఇంటి నుంచి ఏ ఫోటో కోసం వచ్చానో ఆ ఫోటోలు దొరికాయి. అయినా సంతోషం లేదు, చెవులు మైకు మీదే ఉన్నాయి. సుబ్బన్న గారి జత అని మైకు పిలిచింది. ఫ్లాష్ ఆర్పేశాను. ఎర్రదీపం పోయిందో లేదో రెండుసార్లు చూశాను. కెమెరా కూడా వీపు మీదకి తిప్పేశాను, నా వేలి మీద నాకు నమ్మకం లేదు.

జత వచ్చింది. సారు టక్ ఊడిపోయింది. గీత దగ్గరికి వస్తున్న కొద్దీ ఎద్దుల కళ్లు దేనికోసమో వెతుకుతున్నాయి, అది నేను చూశాను. వెలుగు లేదు. ముందుకే పోబోయాయి.

"తిరుగు నాయనా!"

చుట్టూ అంత మైకు గోల, ఈలలు. ఆ గొంతు పెద్దదేం కాదు. ఎడమవైపు దాపటి ఎద్దు చెవి ఇటు తిరిగింది. మెడ తిరిగింది. కాడి తిరిగింది. రాతిదూలం గీత దాటి, జత బొంగరంలా మళ్లి వెనక్కి ఉరికింది. నేను అరిచాను. ఏం అరిచానో తెలియదు. ఓబులమ్మ అరవలేదు, రెండు చేతులా స్టాండు పట్టుకుని తర్వాతి రాకకు కాచుకుంది. వచ్చిన ప్రతిసారీ అదే పిలుపు, అదే మలుపు. నా యాత్ర మొత్తంలో నేను ఒక్క చోట నిలబడింది అక్కడే.

సమయం అయిపోయి కాడి దించాక, ఎద్దుల మెడలు నిమురుతూ ఓబులమ్మ, "పని అయిపాయ. ఇప్పుడు కొట్టు పాపా," అంది. సుబ్బన్న పగ్గాలు పట్టుకుని మీసం సరిచేసుకున్నాడు. ఫ్లాష్ మెరిసింది. ఎద్దులు టక్కున వెనక్కి మళ్లాయి, పగ్గాలతోపాటు సుబ్బన్న దుమ్ములో బోర్లా పడ్డాడు. జనం విరగబడి నవ్వారు. ఆ ఫోటోలో ఒక ఆడమనిషి నవ్వు, రెండు తోకలు, గాల్లో ఒక చెప్పు ఉన్నాయి.

అన్ని జతలూ అయ్యేదాకా ముగ్గురూ ఎద్దుల పక్కనే నిలబడ్డారు. సారు కళ్లు మూసుకుని పెదాలు కదుపుతున్నాడు, ప్రార్థన కాబోలు. చివరికి మైకు మోగింది. మొదటిది ఎవరిదో, రెండోది ఎవరిదో, మూడోది ఎవరిదో నాకు వినపడలేదు.

"నాలుగో బహుమతి, సుబ్బన్న గారి జత!"

సారు నన్ను వాటేసుకోబోయి, ఆడమనిషినని గుర్తొచ్చి, నా స్టాండును వాటేసుకున్నాడు. సుబ్బన్న మాత్రం ఒంటి మీద దుమ్ము కూడా దులుపుకోకుండా తిన్నగా మైకు దగ్గరికి నడిచాడు.

"తప్పు పిలిచినావప్పా."

"ఏం తప్పు? నాలుగే గదా!"

"నాలుగు సరే. పేరు తప్పు. జత నాది గాదు, ఓబులమ్మది. అట్లనే చెప్పు." మైకు తెరిచే ఉంది, ఆయన మాటలన్నీ మైదానమంతా మోగుతున్నాయి. "ఇంగ వాటిని అమ్మాలన్నా ఉంచుకోవాలన్నా ఆయమ్మనే అడుగుకోండి. నన్ను అడగాకండి."

మైకాయన గొంతు సవరించుకున్నాడు. "నాలుగో బహుమతి... ఓబులమ్మ గారి జత!"

ఓబులమ్మ రెండు ఎద్దుల మధ్యన నిలబడి ఉంది. ముఖం అటు తిప్పుకుని ఎద్దు మూపురం మీద లేని మట్టి దులుపుతోంది. దగ్గరికి వెళ్లి భుజం మీద చేయి వేశాను. నా వైపు తిరగకుండానే అంది.

"పాపా, ఇంగొగసారి చెప్పమను ఆయప్పను. ఎద్దులు ఇనలేదు."